నావి కాని అరవై మూడు వాక్యాలు

జూన్ 7, శనివారం. సాయంత్రం 6.10

ఈ రోజు జరిగినది, జరిగిన వరుసలో:

1. బస్సు డిపో సిబ్బంది వార్షిక సమావేశం ఉదయం పదిన్నరకు బస్సులు కడిగే షెడ్డులో మొదలైంది. నేల ఇంకా ఆరలేదు. కుర్చీల కాళ్ళ కింద అట్టముక్కలు వేశారు.

2. పదిహేడేళ్ళ స్టోరు ఉద్యోగంలో నన్ను వేదిక మీదికి పిలవడం ఇదే మొదటిసారి. పిలిచింది స్టోరు పనికి కాదు. ప్రతి సోమవారం టీ గది బయట నోటీసు బోర్డు మీద నేను అంటించే “ఈ వారం ఇంట్లో చూసినవి” అనే కాగితానికి.

3. మేనేజరు గారు మైకులో ఇలా అన్నారు: “మన డిపోలో ఏ సినిమా చూడాలో, ఏ సిరీస్ సగంలో మానేయాలో చెప్పేది ఈయనే. ఈయన బాగాలేదన్నాక మా ఇంట్లో రిమోట్ నా చేతికి కూడా ఇవ్వరు.” నవ్వులు.

4. నా భార్యను రావద్దని మూడుసార్లు చెప్పి ఉన్నాను. కారణాలు: ఎండ, రద్దీ, పొట్టి చేయవలసిన యూనిఫారం ప్యాంట్లు పదకొండు. ఆమె సరేనంది. మా డిపో కండక్టరమ్మే మా ఇంటికి వెళ్ళి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. మూడో వరుస, ఎడమ నుంచి రెండో కుర్చీ.

5. మూడు అభిప్రాయాలు చదివాను. మొదటిదానికి నవ్వారు. రెండోదానికి ఇంకా నవ్వారు. మూడోది పూర్తయ్యాక కాసేపు కుళాయి చుక్కల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత చాలాసేపు చప్పట్లు.

6. ఆ మూడోది: “తల్లి పోయిన మనిషికి ఏడవడానికి తీరిక ఉండాలి. ఆ సినిమాలో కూతురు వచ్చినవాళ్ళ గ్లాసులు కడుగుతూనే ఉంది. తడి చేతులతో కళ్ళు తుడుచుకుంటే ఎవరికీ తెలియదు.”

7. నేను అది చదువుతున్నప్పుడు నా భార్య తన చేతుల వైపు చూసుకుంది.

8. అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది.

9. తిరిగి వస్తూ బస్సులో, “మైకు బాగా వినిపించిందండీ,” అంది. అంతే.

10. పై ఆరో అంశంలోని వాక్యాలు నావి కావు. ఆమెవి. నిరుడు ఆ సినిమా చూస్తూ ఆమె అన్నవి. మొదటి రెండు అభిప్రాయాలలోని మాటలు కూడా ఆమెవే.

పదో అంశం మొదట రాయవలసింది. వరుస తప్పింది.

(పూర్తి పేరుతో సంతకం చేశాను.)


జూన్ 8, ఆదివారం. ఉదయం 7.25

నిన్నటిది నేరంలా రాశాను. అది సరికాదు. పద్ధతి ఏమిటో నిదానంగా నమోదు చేయాలి.

మా ఇంట్లో టీవీ ముందు గదిలో ఉంది. నేను కుర్చీలో, ఆమె కింద పీట మీద. సినిమా నడుస్తున్నంతసేపు కుట్టు మిషను తొక్కితే మోత కనుక, చేతికుట్టు పని ఆ వేళకు ఉంచుకుంటుంది. కళ్ళు సూది మీద, చెవులు టీవీ మీద. నా ఒళ్ళో చిన్న పుస్తకం. నేను సినిమాలలోని తప్పులు రాసుకుంటాను. గోడ గడియారంలో నాలుగూ పది, మరుక్షణం మూడూ యాభై. సగం తాగిన గ్లాసు తిరిగి నిండడం. ఇది నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగిలినదంతా పాత పత్రికలు, ఒక చిరిగిన నిఘంటువు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాను. తప్పు పట్టుకోగలిగితే చదువుకున్నవాడినన్న ధైర్యం వస్తుంది.

బోర్డు మీద మొదటి నాలుగు కాగితాలు ఆ తప్పుల జాబితాలే. ఎవరూ చదవలేదు. రెండో కాగితంతో మెకానిక్కుల పెద్ద మేస్త్రీ చేతి గ్రీజు తుడుచుకున్నాడు. నా కళ్ళారా చూశాను.

ఐదో కాగితం కింద చోటు మిగిలితే, ఆ వారం ఆమె అన్న ఒక మాట రాసి పెట్టాను. ఆ మధ్యాహ్నమే మేస్త్రీ ఫ్యాను బెల్టు కోసం స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి, స్లిప్పు ఇవ్వకుండా నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు.

“స్టోరన్నా, ఆ చివరి ముక్క నువ్వే రాశావా?”

“ఆ,” అన్నాను.

అంతే. ఒక్క అక్షరం. రాసింది నేనే కదా, చేతిరాత నాదే.

నేను చేసినవి: (అ) ఆమె మాటల్లోంచి “అది కాదండీ”, “ఏమో మరి” తొలగించడం. (ఆ) కామాలు పెట్టడం. (ఇ) శీర్షిక. (ఈ) కింద పూర్తి సంతకం. ముడిసరుకు ఒకరిది, తయారీ ఇంకొకరిది అయితే వస్తువు మీద తయారీదారు పేరే ఉంటుంది.

ఈ వాదన రాస్తున్నప్పుడు బాగుంది. చదివితే బాగాలేదు.

(పూర్తి సంతకం.)


జూన్ 9, సోమవారం. రాత్రి 8.05

ఈ వారం కాగితం అంటించలేదు. నిన్న సాయంత్రం ఆరు భాగాల సిరీస్‌లో మొదటి రెండు చూశాము. ఆమె ఏమీ అనలేదు.

(సంతకం.)


జూన్ 10, మంగళవారం. రాత్రి 8.15

మూడు, నాలుగు భాగాలు. నేనే కదిపాను.

“ఆ వకీలుగా వేసినావిడ ఎలా చేసింది?”

“బాగా చేసింది.”

“కథ?”

“బాగుంది.”

“పాటలు?”

“పాటలు లేవుగా అందులో,” అని దారం తెంపింది.

మా అమ్మాయి లోపలి గదిలోంచి, చెవుల్లో ఏవో పెట్టుకుని చదువుకుంటున్నది కాస్తా, “నాన్నా, ఇవాళ గడియారాలేం దొరకలేదా?” అని అరిచింది. పదహారేళ్ళ పిల్ల. దానికి అన్నీ వినిపిస్తాయి.

అలసట అయి ఉంటుంది. ప్యాంట్లు పదకొండు.

(సంతకం.)


జూన్ 12, గురువారం. మధ్యాహ్నం 1.40, స్టోరు

మేనేజరు గారు పిలిచారు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే సిబ్బంది పత్రికలో నెలకొక పేజీ నాకు ఇస్తారట. ఫోటోతో సహా. మొదటి వ్యాసం ఇరవయ్యో తేదీలోగా పంపాలి.

“ఆ గ్లాసులు కడిగే ముక్క ఉంది చూడండి, అదే మొదట పంపండి. మా ఆవిడకి చదివి వినిపించాను. పది నిమిషాలు మాట్లాడలేదు. మా ఇంట్లో అది రికార్డు.”

నవ్వాను. నవ్వినట్టు ముఖం పెట్టాను.

తిరిగి వచ్చి కిటికీ మూసి, సొంతంగా ఒకటి రాయడానికి కూర్చున్నాను. మొన్నటి సిరీస్ మీద. యథాతథంగా ఇక్కడ ఎక్కిస్తున్నాను:

“వకీలు గదిలోని క్యాలెండరు రెండో భాగంలోనూ నాలుగో భాగంలోనూ ఒకే నెల చూపిస్తున్నది, మధ్యలో వర్షాకాలం గడిచిపోయినా. వకీలు కళ్ళజోడు ఒకసారి నల్లది, ఒకసారి గోధుమరంగు. మొత్తం మీద సిరీస్ బాగుంది. చూడదగినది.”

ముప్పావు గంట పట్టింది.

(సంతకం. స్టాకు రిజిస్టరులో చేసేదే.)


జూన్ 14, శనివారం. సాయంత్రం 5.30

నిర్ణయం తీసుకున్నాను. తీసుకున్నప్పటి నుంచి ఊపిరి ఆడుతున్నది.

స్టోరులో ఒక వస్తువు తప్పుడు ఖాతాలో పడితే ఏం చేస్తాము? కొట్టివేయము, దాచము. సవరణ పట్టిక వేస్తాము. ఏ తేదీన, ఏ వస్తువు, ఎవరి పేరున పడింది, ఎవరి పేరున పడవలసింది. అందరికీ కనిపించేలా. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకుంటారు.

ఇప్పటివరకు అంటించిన కాగితాలు అరవై. అన్నింటి నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. ఒళ్ళో పెట్టుకుని రాసిన పుస్తకాలు ఐదు. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూశాను. ఆమె వాక్యాలు అరవై మూడు. నావి, అంటే గడియారాలూ గ్లాసులూ, నూటపన్నెండు. నావి ఎక్కువ. ఎవరికీ ఒక్కటి గుర్తులేదు.

పట్టికలో గడులు: వరుస సంఖ్య, తేదీ, సినిమా లేదా సిరీస్, వాక్యం, సందర్భం. ఐదో గడి అలవాటుగా గీశాను. ఆమె ఆ మాట అన్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతున్నది అని. అది ఖాళీగా వదిలాను. అవసరం కనిపించలేదు.

ఆమెకు చెప్పలేదు. సోమవారం బోర్డు మీద తన పేరు చూస్తుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో రేషను కాగితాల మీద తప్ప ఆమె పేరు ఎక్కడా అచ్చు అక్షరాల్లో రాలేదు. స్కేలు పెట్టి రాశాను. సంతోషిస్తుంది.

(పూర్తి పేరుతో సంతకం.)


జూన్ 16, సోమవారం. ఉదయం 9.15

అంటించాను. ఐదు కాగితాలు, నాలుగు మూలలా పిన్నులు. పైన ఇలా రాశాను: “ఇన్నాళ్ళూ నా అభిప్రాయాలుగా మీరు చదివిన ఈ క్రింది 63 వాక్యాలు నా భార్య చెప్పినవి. నావిగా చూపినందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించగలరు.”

సిగ్గుపడుతున్నాను అని రాశాక సిగ్గు తగ్గింది. విచిత్రం.

(పూర్తి పేరుతో సంతకం.)


జూన్ 17, మంగళవారం.

నిన్న మధ్యాహ్నం బోర్డు దగ్గర ఎన్నడూ లేనంత మంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నవ్వులు లేవు. ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చదివి, స్టోరు వైపు ఒకసారి చూసి, తల దించుకుని వెళ్ళారు. పెద్ద మేస్త్రీ బ్రేక్ లైనింగుల కోసం వచ్చి స్లిప్పు ఇచ్చి, సంతకం పెట్టి, ఒక్క ఎకసెక్కెం ఆడకుండా వెళ్ళిపోయాడు. నిజాయితీ మనుషులను ఇంత గంభీరంగా చేస్తుందా అని ఆశ్చర్యపోయాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఈ ఉదయం కండక్టరమ్మ వచ్చింది. నన్ను అన్నయ్యా అంటుంది, నా భార్యను వదినా అంటుంది. టికెట్ మిషను కిటికీ గట్టు మీద పెట్టి నిలబడింది.

“అన్నయ్యా, నలభై ఒకటో నంబరు చదివారా?”

“నేనే రాశానమ్మా.”

“రాశారు. చదివారా?”

“ఏమైంది?”

ఆమె ఫోనులో తీసుకున్న ఫోటో చూపించి, గొంతు తగ్గించి చదివింది. “ఆ మొగుడు చెడ్డవాడేం కాదు. ఆమె మాట్లాడినప్పుడల్లా తల ఊపుతాడు. ఆ ఊపుడుకే ఆమె సగం చచ్చిపోయింది.”

“వేదిక మీద చదివిన మొదటిది,” అన్నాను. “అందరూ నవ్వారు.”

“నవ్వాం. నేనూ నవ్వాను. అప్పుడది సినిమాలో మొగుడు. ఇప్పుడు వదిన పేరు పెట్టాక ఆ మొగుడెవరు?”

నేను తల ఊపాను.

ఊపుతున్నానని తెలిసి ఆపాను. ఆమె చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“మీరు సవరించలేదు అన్నయ్యా. ఇంటి తలుపులు పీకి బోర్డుకి తగిలించారు. ముందు వెళ్ళి తీసేయండి. డ్రైవర్లు ఇంకా సగం మంది చదవలేదు.”

వెళ్ళి తీశాను. ఇరవై పిన్నులు. ఒకటి కింద పడి దొరకలేదు. వంగి వెతుకుతుంటే చుట్టూ బూట్లు ఆగడం కనిపించింది. భూమి చీలితే అక్కడికక్కడే దిగిపోయేవాణ్ణి.

తేదీ పక్కన సమయం రాయలేదు. ఇప్పుడు చూశాను. రాయాలనిపించడం లేదు. సంతకం కూడా. అరవై కాగితాల కింద ఉన్నది అదే సంతకం.


అదే రోజు, తర్వాత.

ఖాళీగా వదిలిన ఐదో గడి నింపుతున్నాను. పుస్తకాల్లో తేదీలు ఉన్నాయి. తేదీ ఉంటే ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో నాకు గుర్తుంటుంది. నా జ్ఞాపకశక్తి మంచిదని అందరూ అంటారు.

19. “ఆ ఇంట్లో చెంచాకి కూడా ఒక చోటుంది. ఆమెకే లేదు.” సందర్భం: ఆ వారం వంటగది అరలకు స్టోరులోలాగా అంకెలు వేసి చీటీలు అతికించాను, వ-1 నుంచి వ-24 దాకా. ఎలా ఉందని అడిగితే, “డిపోలా ఉందండీ,” అంది. మెచ్చుకోలు అనుకుని ఆ రోజు ఆ మాట కూడా రాసి పెట్టుకున్నాను. పందొమ్మిదోది వేదిక మీద చదివిన రెండోది. బాగా నవ్వింది దానికే.

41. తల ఊపే మొగుడు. సందర్భం: వీధి చివర ఒక గది ఖాళీ అయింది. మిషను అక్కడ పెట్టుకుంటే ఇల్లంతా ఊరివాళ్ళ ప్యాంట్లతో నిండకుండా ఉంటుంది, నాకూ నాలుగు గోడలు నావంటూ ఉంటాయి అని నా భార్య అడిగింది. మూడుసార్లు అడిగింది. నేను మూడుసార్లూ తల ఊపాను. ఊపడం అంటే ఒప్పుకోవడమనే నా ఉద్దేశం. తర్వాత ఏదీ చేయలేదు. ఆ గదిలో ఇప్పుడు జిరాక్సు మిషను ఉంది. నేనే వెళ్ళి అందులో ఈ కాగితాలకు నకళ్ళు తీయించుకున్నాను.

52. గ్లాసులు. సందర్భం: ఆమె తల్లి పోయి, మేము తిరిగి వచ్చిన మూడో రోజు ఆ సినిమా చూశాము.

అక్కడ, అత్తగారింట్లో, నేను ఏం చేశాను? కుర్చీలు ఎన్ని, వచ్చినవాళ్ళు ఎంతమంది, ఎవరు ఏ బండిలో తిరిగి వెళ్ళాలి, అన్నీ రాశాను. మా బావమరిది నా చేతులు పట్టుకుని, “బావా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో,” అన్నాడు. ఆ జాబితా ఇంకా నా దగ్గర ఉంది. గ్లాసులు ఎనభై రెండు అని ఉంది. కడిగింది ఎవరో లేదు.

ఆమె సినిమా గురించి మాట్లాడుతున్నదనుకున్నాను. కామా ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను.

మిగిలిన అరవై గడులు నింపడం నా వల్ల కాలేదు.


జూన్ 18, బుధవారం.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె మిషను దగ్గర ఉంది. మిషను ఆడడం లేదు.

“కండక్టరమ్మ వచ్చి వెళ్ళింది,” అంది. “ప్యాంటు నడుము బిగించాలట.”

“ఏమన్నా చెప్పిందా?”

“అరవై మూడట కదా.”

చెప్పులు విప్పడం కూడా మరిచి గుమ్మంలో నిలబడ్డాను. రెండు రోజులుగా తయారు చేసుకున్న మాటలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఒకటే బయటికి వచ్చింది.

“నీ పేరు పెడితే సంతోషిస్తావనుకున్నాను.”

“ఎందుకు?”

“నీవి కనుక. తీసుకున్నది తిరిగి ఇచ్చేద్దామని.”

“ఎవరికిచ్చారు? బోర్డుకిచ్చారు.” మిషను చక్రం మీద చేయి వేసి, తిప్పకుండా ఉంచింది. “నేను మీతో మాట్లాడానండీ. బోర్డుతో కాదు.”

“నేను రాసుకోవడం నువ్వు చూసేదానివిగా.”

“గడియారాలు రాసుకుంటున్నారనుకున్నాను. నేనేదన్నా అంటే పెన్ను ఇంకా గబగబా కదిలేది. పోన్లే, చేతులు ఎక్కడున్నా చెవి ఇటే ఉంది అనుకునేదాన్ని.”

“చెవి ఇటే ఉంది,” అన్నాను.

“ఉంది. చెవి ఉంది.”

లోపల అమ్మాయి కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. అదీ వింటున్నది.

నా భార్య నా వైపు తిరిగింది. “ఒకటడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు మైకులో మా అమ్మది చదివారు. అది మా అమ్మదని తెలిసే చదివారా?”

“తెలియదు.”

“నిజంగా?”

“నిజంగా తెలియదు. నిన్న తెలిసింది.”

చక్రం మీది చేయి తీసింది. “తెలిసి చదివారేమో అనుకుని పదిరోజులు కోపం దాచుకున్నాను. తెలిసి చదివుంటే ఆ కోపమన్నా ఉండేది. ఇప్పుడేం రావాలో తెలియట్లేదు నాకు.”

మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ మోతలో నేను ఏమన్నా వినపడదు. ఆమెకు తెలుసు. నాకూ మేలు అనిపించింది, అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.


జూన్ 19, గురువారం.

చూడలేదు. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.


జూన్ 20, శుక్రవారం.

మేనేజరు గారి గదికి వెళ్ళి పత్రికలో పేజీ వద్దని చెప్పాను. కాగితం మీద కాదు, నోటితో. చేతిలో కాగితం లేకుండా ఆయన ముందు నిలబడడం ఇదే మొదలు.

“అరే, మీ ఆవిడ పేరుతోనే వేద్దామండీ. ఇంకా బాగుంటుంది. ఫోటో ఇద్దరిదీ.”

“ఆవిడ నాతో మాట్లాడింది సార్. పత్రికతో కాదు.”

అది ఆమె మాట. నాకు వేరే మాట దొరకలేదు. అరవై నాలుగోది. నోరు జారాక అర్థమైంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మరి మీవి పంపండి. మీ సొంతవి.”

“నా దగ్గర అభిప్రాయాలు లేవు సార్. గడియారాలు ఉన్నాయి.”

హాస్యం అనుకుని నవ్వారు. నేను ఉన్నదే చెప్పాను.

సాయంత్రం పెద్ద మేస్త్రీ కిటికీ దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత నాతో మాట కలిపాడు.

“స్టోరన్నా, ఇక శనివారం ఏం చూడాలో మాకెవడు చెప్తాడు?”

“తెలియదు.”

“ఆ గడియారాలన్నా పెట్టు మరి. గ్రీజు తుడుచుకోడానికి కాగితం లేక చస్తున్నాం.”

మళ్ళీ ఎకసెక్కెం ఆడాడు. కిటికీ మూసుకుని, ముఖం కడుక్కున్నాను.


జూన్ 22, ఆదివారం.

వంటగది అరల మీది చీటీలు గీకి తీశాను. ఇరవై నాలుగు. గీకుతుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

“జిగురు మరకలు పోవు,” అంది.

“సబ్బు నీళ్ళతో తుడుస్తాను.”

“వ-7లో ఉన్నది ఉప్పా, సోడానా మీకు తెలుసా ఇప్పుడు?”

“తెలియదు.”

“అయితే నన్నడగాలి.” వెళ్ళిపోయింది.

ఇది మాట్లాడడం కిందికి వస్తుందో రాదో తెలియదు. లెక్కవేయడం లేదు.


జూన్ 24, మంగళవారం.

జిరాక్సు అతని దగ్గరికి వెళ్ళి అడిగాను. గది ఖాళీ చేసే ఆలోచన లేదట. పక్క వీధిలో బియ్యం కొట్టు మీద ఒక గది ఉందన్నాడు. మెట్లు నిటారు, కిటికీ ఒకటే, వెలుతురు ఉత్తరం నుంచి. కొలతలు తీసుకోబోయి ఆగాను. చూడవలసింది నేను కాదు.

ఇంటికి వచ్చి చెప్పాను. తల ఊపింది. ఎలా ఉంటుందో తెలిసింది.


జూన్ 29, ఆదివారం.

ఈ సాయంత్రం టీవీ మీద గుడ్డ ఆమే తీసింది. అమ్మాయి ఏదో పాత సినిమా పెట్టి, “మీరిద్దరూ చూడండి, నాకు పరీక్ష,” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పరీక్ష ఏదీ లేదు. దాని పరీక్షల పట్టిక వేసింది నేనే.

కుర్చీలో కూర్చున్నాను. ఒళ్ళో పుస్తకం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ మీద పెట్టాను, చంకల్లో పెట్టాను, మళ్ళీ మోకాళ్ళ మీదికి తెచ్చాను. పది నిమిషాలు చూసి ఆమె ఒక ప్యాంటు నా మీదికి విసిరింది.

“అలా ఫోటోకి కూర్చున్నట్టు కూర్చోకండి. ఆ అంచు కుట్లు విప్పండి. గుడ్డ చిరిగితే డ్రైవరు మిమ్మల్నే అడుగుతాడు.”

కింద ఆమె పక్కన, చాప మీద కూర్చున్నాను. కుట్లు విప్పాలంటే తల వంచుకునే ఉండాలి. తెర చూడడానికి లేదు. ఇన్నేళ్ళూ ఆమె సినిమాలు ఎలా చూసిందో మొదటిసారి తెలిసింది. గడియారాలు కనిపించవు. గ్లాసులు కనిపించవు. ఎవరో తలుపు దగ్గర ఆగి లోపలికి రాలేదని అడుగుల చప్పుడును బట్టి తెలుస్తుంది. ఎవరో అబద్ధం చెప్పేముందు గాలి పీల్చుకున్నారని తెలుస్తుంది.

సగం దాటాక ఆమె ఒక మాట అంది.

నా కుడిచేయి దానంతటదే కదిలింది, పెన్ను కోసం. చేతిలో సూది ఉంది. వేలికి గుచ్చుకుంది. ఆమె చూసింది. నేను తల ఊపబోయి, మెడ బిగపట్టుకున్నాను.

“అంటే?” అన్నాను.

“అంటే ఏంటి?”

“ఆ మాట ఎందుకన్నావు? నాకు అర్థం కాలేదు. చెప్పు.”

అరవై వారాల్లో నేను ఆమెను ఏదీ తిరిగి అడగలేదు. వెతికి చూడనక్కరలేదు, ఎక్కడా లేదు. ఆమె చేతిలోని దారం అలాగే ఉంచి నా వైపు చూసింది. చెబితే ఎక్కడికి పోతుందో అని ఆలోచిస్తున్నదని నాకు తెలుసు. ఆ అనుమానం పెట్టింది నేనే. తలెత్తి చూడలేకపోయాను, కుట్లు విప్పుతూనే ఉన్నాను. నా వేలి రక్తం డ్రైవరు ప్యాంటుకు అంటింది.

“రాసుకోరుగా?” అంది.

“రాసుకోను.”

చెప్పింది. మెల్లగా మొదలుపెట్టి, తర్వాత ఆగకుండా. సినిమా గురించి కాదు. మధ్యలో ఒకచోట నేను తప్పుగా అర్థం చేసుకుని ఏదో అన్నాను. “అది కాదండీ,” అని నవ్వి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. పాత కాగితాలన్నింటిలోంచి నేను తీసేసిన మాట అది.

ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయడం లేదు.

రేపు సోమవారం. ఆ సినిమా ఎలా ఉందని మేస్త్రీ కిటికీ దగ్గర అడుగుతాడు. చివర ఏమైందో మేము చూడలేదని చెప్పాలి.